దెబ్బ తగిలిందా

స్టీలు గ్లాసు ఒకటి కిందపడి మెట్ల దాకా దొర్లింది.

"అయ్యో బంగారూ, దెబ్బ తగిలిందా?"

ఆ మాటకు కృపామణి చేతిలో గరిటె ఆగిపోయింది.

పల్లవి పోయి నలభై రోజులు. చంద్రగిరిలోని ఆ ఇంట్లో కూతురి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక అప్పుడే ముగిసింది. వచ్చినవాళ్లు భోజనాలు చేస్తున్నారు.

ఇరవై మూడేళ్లు వచ్చినా పల్లవికి ఆ అలవాటు పోలేదు. పెన్ను పడినా పళ్లెం పడినా దాన్నే పలకరించేది. చేతిలోకి తీసుకుని మూడుసార్లు ఊదేది. "ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది" అని కృపామణి తను పాఠాలు చెప్పే బడిలో అందరికీ చెప్పుకునేది.

ఆ మాట ఇంకొక్కసారి వినబడితే చాలునని నలభై రోజులుగా ఆమె ప్రార్థన.

మెల్లగా వెనక్కి తిరిగింది.

గడప బయట, చెప్పుల పక్కన ఒక ముసలామె కూర్చుని ఉంది. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. గ్లాసును అరచేతిలో పెట్టుకుని ఊదుతోంది.

ఒకటి. రెండు. మూడు.

తల కొంచెం ఎడమకు వంచి గ్లాసును చూసి నవ్వింది. ఆ వంపు పల్లవిది. ఆ నవ్వూ పల్లవిదే. ముఖం మాత్రం ఎవరిదో.

"ఎవురు నువ్వు?"

"పాప కోసరం వచ్చినానమ్మా."

"పాప లేదు."

"తెలుసమ్మా. ఊరికే రవ్వంతసేపు ఈడ కూసుంటా."

ఆడపడుచు రూపశ్రీ కృపామణిని లోపలికి లాగింది.

"వదినా, సూస్తివా? అచ్చం మన పల్లవే! పోయినోళ్లు అట్ల పరాయోళ్ల మీదికి వస్తారంట."

"ఊరుకో. ప్రార్థన జరిగిన ఇల్లు ఇది."

"మరి నువ్వేంటికి వణకతా ఉండావు?"

కృపామణి విస్తరాకు అందుకుంది. అన్నం పొట్లం కట్టి, గడప దాటకుండానే చేయి చాచింది.

"తీసుకోని పో అవ్వా."

"నేనమ్మా..."

"ఏమీ సెప్పబాకు. మళ్లీ రాబాకు."

ముసలామె పొట్లాన్ని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. వీధి మలుపు దాకా ఆ నడక కూడా పల్లవిదే. కృపామణి తలుపు వేసి గడియ పెట్టింది.

కాసేపటికి భర్త దయానంద్ పెరుగు ప్యాకెట్లతో వచ్చాడు.

"అక్కమ్మ యాడ? వచ్చిందని ఎదురింటి చిన్నబ్బ చెప్పినాడే!"

"ఏ అక్కమ్మ?"

"ఈడే, గడప కాడ కూసోనుండిందంట."

"ఆమెనా? పంపించేసినా."

ప్యాకెట్లు కింద పడేసి అతను బస్టాండుకు పరుగెత్తాడు. ఒక్కడే తిరిగొచ్చాడు.

"బస్సెక్కి ఎల్లిపోయినాది. ఇరవై ఏండ్లుగా యాడుండాదో తెలీలా. పాప సంగతి తనే విని వచ్చినాది."

"ఎవురామె?"

దయానంద్ మెట్టు మీద కూలబడ్డాడు.

"నువ్వు సూసుండవు. పేరు కూడా అడగలా, ఆయా అనే అనేదానివి. నువ్వు నాయుడుపేట బడిలో పనిచేస్తా ఆదివారం ఒక్కపూట ఇంటికొచ్చిపోయిన ఆ మూడేండ్లూ, తక్కిన ఆరు దినాలు మన పాప అమ్మా అని పిలిచింది ఆయమ్మనే, కృపా."