చూసి చెబుతాం

గేటు గొళ్లెం చప్పుడు కాగానే దర్జీ చేతిలో కత్తెర ఆగిపోయింది. మళ్లీ వచ్చాడు మహానుభావుడు.

కిటికీలోంచి చూశాడు. డెమో వాకిట్లో నిలబడి, గడ్డి కోసే మిషన్ చక్రాలకు అంటిన మట్టి దులుపుతున్నాడు. అతని అసలు పేరు ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. మిషన్ డెమో చూపించడానికి వస్తాడు కాబట్టి దర్జీ భార్య ఆ పేరు పెట్టింది, అదే ఖాయమైపోయింది.

“అన్నగారూ, గడ్డి బాగా పెరిగినట్టుంది. ఒకసారి నడిపి చూపించమంటారా?”

“చూపించు తమ్ముడూ,” అన్నాడు దర్జీ, అతని ముఖం చూడకుండా.

మొదట్లో వాళ్లు నిజంగానే కొందామనుకున్నారు. ఇంటి ముందు పచ్చిక నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత ఉంటుంది. దర్జీ భార్య బడిలో లెక్కల టీచరు. పరీక్ష పెట్టకుండా ఏ వస్తువునూ ఇంట్లోకి రానివ్వదు. పెట్రోలుదైతే పొగ, చప్పుడు అంది. కరెంటుదైతే వైరు బ్లేడు కింద పడుతుందేమోనని భయం. బ్యాటరీది ఇంత జాగాకి దండగ. చేత్తో తోసేదే మేలని తేల్చింది. ఆ వారంలోనే డెమో అలాంటి మిషనే తోసుకుంటూ గేటు దగ్గర ప్రత్యక్షమయ్యాడు. పైసా ఇవ్వక్కర్లేదు, నచ్చితేనే కొనండి అన్నాడు. పచ్చికంతా కోసి చూపించాడు.

నున్నగా తయారైన పచ్చికను చూసి టీచరమ్మ కాసేపు ఆలోచించింది.

“బాగానే ఉంది. కానీ తడి గడ్డి ఎలా కోస్తుందో చూడాలిగా. చూసి చెబుతాం,” అంది.

వాన పడ్డాక వచ్చి కోశాడు. ముదురు గడ్డి మీద చూడాలంది. ముదిరాక వచ్చి కోశాడు. బ్లేడు ఎత్తు పెంచి చూడాలంది, తగ్గించి చూడాలంది. “నిజమేనండీ టీచరుగారూ, తొందరేముంది, నిదానంగా చూసుకోండి,” అనేవాడు ఆ పిచ్చి మారాజు.

ఇక మిషన్ కొననక్కర్లేదని దర్జీకి ఎప్పుడో అర్థమైంది. భార్యకు ఆయన కంటే ముందే అర్థమైంది.

“మనం రమ్మన్నామా? అతనే వస్తున్నాడు,” అనేది ఆవిడ. “వాళ్ల షాపువాళ్లు జీతం ఇస్తారు లెండి.”

“ఒక్కటీ అమ్మకపోతే ఎన్నాళ్లిస్తారు?”

“మీరు మరీనండీ,” అని ఆవిడ పుస్తకాలు దిద్దుకునేది.

ఒకటికి రెండుసార్లు కొలతలు తీయించుకుని, గుడ్డ తెచ్చిస్తామని పోయి, మళ్లీ మొహం చూపించని జనాన్ని దర్జీ జన్మంతా తిట్టుకున్నాడు. ఇప్పుడు తనే ఆ జనంలో చేరాడు. ఎదుటివాడి చెమటను అప్పనంగా వాడుకోవడమంత చిల్లర బుద్ధి ఇంకోటి లేదని ఎంతమందికి నీతులు చెప్పాడో. ఇప్పుడు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకు కూర్చోవాల్సి వస్తోంది.

బయట మిషన్ కరకరలాడుతోంది. డెమో మూలలు కూడా వదల్లేదు. గోడ వారన మిషన్ అందనిచోట వంగి చేత్తోనే పీకాడు.

“ఈ మధ్య మందులేం చల్లలేదు కదా అన్నగారూ?” అన్నాడు. వచ్చిన ప్రతిసారీ అడుగుతాడు. మందులు తగిలితే బ్లేడు పాడవుతుంది కాబోలు.

“లేదు తమ్ముడూ. టీ తాగుతావా?”

“వద్దండీ. ఎండ ముదరకముందే ఇంకో నాలుగిళ్లు తిరగాలి.”

ఆ నాలుగిళ్లలోనూ ‘చూసి చెబుతాం’ అనే అంటారు. దర్జీకి మనసు పీకింది. డెమో కోసిన గడ్డిని ఒక్క పరక వదలకుండా గోతాంలోకి ఎత్తుతున్నాడు. చెత్త పారేసే పని కూడా మనకు పెట్టడు పాపం. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. భుజం దగ్గర కుట్టు ఊడింది. ఇంట్లో పిల్లలున్నారో ఏమో.

ఇక ఉండబట్టలేకపోయాడు. లేచి బీరువా తీశాడు. కుట్టుమిషన్‌కు మోటారు పెట్టించుకుందామని దాచుకున్న డబ్బు జేబులో పెట్టుకున్నాడు. భార్య బడి నుంచి వచ్చాక ఇంట్లో ఏం జరుగుతుందో తెలుసు. జరగనీ అనుకుని బయటకొచ్చాడు.

“తమ్ముడూ, ఈ మిషన్ నేను కొంటున్నా.”

డెమో ముఖం వెలిగిపోతుందనుకున్నాడు. పాలిపోయింది.

“తొందరేముంది అన్నగారూ... చలికాలం గడ్డి మీద ఇంకా చూడలేదుగా.”

“చూసింది చాల్లే. నీ దగ్గర దాచడం దేనికి? కొనే ఉద్దేశం మాకు ఎప్పుడో పోయింది. ఊరికే కోయించుకోవచ్చని నిన్ను తిప్పుకున్నాం. తప్పు మాది. ఇవాళ్టితో ఆ పాపం కడుక్కోనీ నన్ను.”

“అంత మాటనకండి. టీచరుగారిని కూడా ఒకసారి అడిగి...”

“ఆవిడతో నేను పడతాలే. ఇంద, తీసుకో.”

డెమో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. డబ్బు వంక చూడనైనా చూడలేదు. ఇలాంటివాణ్ణా ఇన్నాళ్లూ ఆడించామని దర్జీ కళ్లు చెమర్చాయి.

“నీకు మొహమాటమైతే మీ షాపు ఎక్కడో చెప్పు. నేనే వచ్చి మీ ఓనరు చేతిలో పెడతా. ఇన్నాళ్లూ అమ్మలేకపోవడం నీ తప్పు కాదని కూడా చెబుతా.”

డెమో గడ్డి గోతాం వైపు ఒకసారి చూశాడు.

“షాపు లేదన్నగారూ, ఇంటి దగ్గర మూడు ఆవులున్నాయి.”