కదలని మూత

భర్త కారు కింద వెల్లకిలా పడుకుని, ఆయిల్ ఫిల్టరు మూతకు రెంచి తగిలించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తిప్పాడు. మూత కదల్లేదు. పాత ఆయిలంతా అప్పటికే బేసిన్లోకి దిగిపోయింది కాబట్టి, కారును మెకానిక్ దగ్గరికి తోలే దారి కూడా లేదు. మధ్యాహ్నం భోజనానికేమో అతని అక్క ఇంటికి వెళ్ళాలి.

"ఏ దున్నపోతు బిగించాడో!" అన్నాడు రొప్పుతూ.

పక్కన టార్చి పట్టుకుని కూర్చున్న భార్య నిట్టూర్చింది. "పోనీలెండి, రాలేమని వదినగారికి చెప్పేయండి. పాపం, మీరు మాత్రం ఏం చేస్తారు?"

అతను ఫోన్ చేశాడు. స్పీకర్లో అక్క గొంతు ఖంగుమంది. "దానికేముందిరా తమ్ముడూ, మేమే వచ్చేస్తాం! పిల్లలకు ఎలాగూ సెలవులే, పది రోజులుండి పోతాం. మరదలికి నాలుగు వంటలు నేర్పినట్టూ ఉంటుంది."

భార్య టార్చి అతని చేతిలో పెట్టి, రెంచి లాక్కుని, కారు కిందికి దూరింది. టైరుకు కాళ్ళు తన్నిపెట్టి ఒక్క గుంజు గుంజింది. మూత కిర్రుమని వదిలింది.

"పొద్దుట్నుంచి మీరు బిగిస్తున్నారు. విప్పాలంటే ఇటు తిప్పాలి. ఫోన్ చేసి మనమే వస్తున్నామని చెప్పండి."

"తెలిసినదానివి ముందే చెప్పొచ్చుగా!"

"అప్పటికింకా వదినగారు వస్తాననలేదు కదండీ."