ఫిలోమెన్ వంతు

ఫిలోమెన్ తలుపు జానెడు తెరిచి చూసింది.

గడప దగ్గర ఎవరో యువకుడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మీసాల మీద మంచు.

ఆ పిల్లికళ్లు, ఆ నొక్కు గడ్డం ఎక్కడున్నా ఆమె గుర్తుపడుతుంది.

“రూవియేర్ కొడుకువా?”

“అవునమ్మా. ఆంతొనిన్. మీతో ఓ మాట చెప్పాలని...”

“మీ నాన్న కూడా ఓ మాట చెప్పాడు. గంట నేను కొడతాలే అన్నాడు. తాగి పడుకున్నాడు.”

లోజేర్ కొండ మీద మంచుతుఫాను లేస్తే దారులు కనపడవు. ఊరి గంటే దారి. ఇంటింటికీ వంతులుంటాయి. ఎవరి వంతు వస్తే వాళ్లు తుఫాను తగ్గేదాకా కొట్టాలి.

పదహారేళ్ల కిందట, రూవియేర్ వంతు రోజున గంట మోగలేదు. ఫిలోమెన్ భర్త జెర్వే తన పెరటి గోడ పక్కనే బిగుసుకుపోయి దొరికాడు.

“ఆ తప్పు ఒప్పుకోవడానికే వచ్చానమ్మా. ముందు క్షమాపణ చెప్పి...”

“నీ క్షమాపణ పులుసులో వేసుకోనా?”

“నన్నెంతైనా తిట్టండి. కానీ తుఫాను లేస్తోంది. ఇవాళ గంట ఎవరి వంతు?”

“నాదే!” ఫిలోమెన్ నవ్వింది. “కొట్టను.”

“అయ్యో, వెనకాల దార్లో మీ...”

“వెనకాల నీవాళ్లెవరున్నా ఉండనీ. ఆ రోజు నా మొగుడూ ఉన్నాడు.”

గడియ పడింది. బయట అతనేదో అరుస్తూనే ఉన్నాడు. గాలి మాటల్ని ఎత్తుకుపోయింది.

కాసేపటికి గంట మోగింది.

“ఫిలోమెన్ ఒదిన తాడు పట్టిందంటే ఇక మనకి దిగుల్లేదు” అని పక్కింటి మాతురిన్ పెళ్లాంతో అని, దుప్పటి కప్పుకున్నాడు.

ఫిలోమెన్ పొయ్యి ముందు కూర్చుని చెస్ట్‌నట్ గింజలు కాలుస్తూ వింది.

“కొట్టరా, కొట్టు. మీ నాన్న వంతు కూడా కలిపి కొట్టు. చేతులు ఊడిపోనీ.”

ఇన్నేళ్లలో ఆ పొయ్యి అంత వెచ్చగా ఎప్పుడూ అనిపించలేదు.

చీకటి పడేవేళకి గంట జోరు తగ్గింది. ఒక మోత. చాలాసేపటికి ఇంకొకటి. తర్వాత లేదు.

తలుపు దబదబ బాదారు.

ఉర్సూల్! మాంద్ పట్నంలో పనిచేసే కూతురు. నడుందాకా మంచు.

“ఈ తుఫానులో ఎందుకు బయల్దేరావే, పిచ్చిదానా?”

“గంట లేకపోతే లోయలో పడేదాన్నమ్మా. ఆ మోతనే పట్టుకుని వచ్చా. ఈ ముసలి చేతులతో ఎంతసేపు కొట్టావే!”

ఉర్సూల్ తల్లి చేతులు అందుకుంది. అవి వెచ్చగా ఉన్నాయి.

ఫిలోమెన్ వెనక్కి లాక్కుంది.

ఉర్సూల్ గదంతా చూసింది. “ఆంతొనిన్ ఏడి? నాకంటే ముందొచ్చాడుగా. ‘మీ అమ్మ తిట్లన్నీ నేను తినేశాక నువ్వు రా’ అన్నాడు.”

ఫిలోమెన్ గంట వైపు చెయ్యి చూపించింది.

ఇద్దరూ పరుగెత్తారు.

గంట కింద గోడకి ఆనుకుని కూర్చున్నాడతను. తాడు మణికట్టుకి చుట్టుకుని ఉంది. రెప్పల మీద మంచు కరగడం లేదు.

ఉర్సూల్ అతని ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

“లేవయ్యా. మా అమ్మొచ్చింది, అల్లుణ్ణి చూడ్డానికి.”