ఈక గాలం

“ఇంకోసారి చెప్తాండా బావా, ఆ గాలం ఆడ పారేసి లేయి. పాపకు పురుగు ముట్టింది!”

గురప్ప ఎండిన పెన్న ఇసుకలో రెండు మైళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. తిమ్మన్న మాత్రం బావమరిది వైపు తలైనా తిప్పలేదు. ఏరంతా ఎండిపోగా మిగిలిన ఆ ఒక్క మడుగులోకే చూస్తున్నాడు.

“గట్టిగా అరవద్దప్పా. చేప బెదురుతాది.”

“చేపంటావేంది! నీ కూతురు, ఆశ్రిత! పొద్దున గడ్డివామికాడ ఆడుకుంటాంటే కరిచింది. నాగుపామంట. ఆసుపత్రిలో పండుకోబెట్టినారు. నాయన యాడ, నాయన యాడ అని ఒకటే కలవరిస్తాండాది.”

తిమ్మన్న గాలం పక్కన పెట్టాడు. లేవబోయాడు కూడా. లేవబోయినవాడు మోకాలి మీద చెయ్యి పెట్టి అట్లాగే ఆగిపోయాడు. నాలుగు రోజుల కిందట నీళ్ళ ట్యాంకర్ దగ్గర ఊరివాడు కుళ్ళాయప్పతో మాటా మాటా పెరిగి, అతని నెత్తిన స్టీలు బిందెతో ఒక్కటిచ్చాడు. రక్తం చూసి ఒకటే పరుగు. అప్పటినుంచీ ఈ కంపచెట్ల మధ్యే కాపురం. ఊళ్ళో పోలీసులు తన కోసం తిరుగుతున్నారని గురప్పే మొన్న సంగటి తెచ్చినప్పుడు చెప్పాడు.

“ఆసుపత్రికి ఎవరు తీసుకపోయినారు?”

“కుళ్ళాయప్పన్న. తలకు కట్టుండాది గదా, ఆ కట్టుతోనే బండి తీసినాడు.”

తిమ్మన్న పకపకా నవ్వాడు. ఈ నాలుగు రోజుల్లో నవ్వడం అదే మొదలు.

“అబద్ధమాడినా అతికినట్టుండాలప్పా! నేను తల పగలగొట్టినోడు నా బిడ్డను ఎత్తుకపోయినాడా? ఈడ కూర్చో. నీకొకటి చూపిస్తా.”

మడుగు మధ్యలో, నీటి మీద గుప్పెడు కారప్పొడి చల్లినట్టు, ఎర్రటి చేపపిల్లల గుంపు కదులుతోంది.

“ఆ పిల్లల కింద కొరమీను ఉండాది. ఇప్పుడు వానపామేసినా ముట్టదు, కప్పనేసినా ముట్టదు. బిడ్డలుండే కాలంలో దానికి ఆకలుండదు. కానీ ఇది చూడు.”

గాలానికి తెల్లకోడి ఈక కట్టి ఉంది. విసిరి, పిల్లల గుంపు మీదుగా మెల్లగా లాగాడు. మళ్ళీ విసిరాడు. మళ్ళీ లాగాడు. మూడోసారి నీళ్ళు భళ్ళుమన్నాయి. వెదురుకర్ర విల్లులా వంగింది. మూరెడు కొరమీను ఒడ్డున పడి ఇసుకలో కొట్టుకుంది.

“చూసినావా? ఉత్త ఈక! తినేదానికి రాలేదు. బిడ్డల మీదికి ఎవరో వచ్చినారని కోపంతో వచ్చింది. ఎంత జాణ చేపైనా పిల్లలకాడ ఎర్రిదైపోతాది. ఆ ఎస్సై కూడా నా మాదిరి గాలమేసేటోడే. వాళ్ళు వస్తే నేను కంపల్లో దూరతానని తెలుసు. అందుకే నా కూతురు పేరు ఈకకు కట్టి నీ చేతికిచ్చినాడు. నేను చేపను కాదప్పా.”

గురప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “అమ్మతోడు బావా. కుళ్ళాయప్పన్న కేసు గూడా వద్దన్నాడు. అక్కకు ఫోన్ చేస్తా, నువ్వే అడుగు.”

“ఫోన్ బయటికి తీసినావంటే మడుగులో ఇసిరేస్తా! దాంతోనే గదా నేను యాడుండేదీ కనిపెట్టేది.”

“మరి బిడ్డ అడిగితే నేనేం చెప్పేది?”

“మీ నాయన చేపలు పడతాండాడని చెప్పు. కొరమీను తెస్తాడని చెప్పు.”

గురప్ప ఇంక ఆగలేదు. వచ్చిన దారినే పరుగెత్తాడు.

గెలిచాననుకున్నాడు తిమ్మన్న. అనుకున్నాడు గానీ, ఆ చేపను కాల్చుకుని సగం కూడా తినలేకపోయాడు. నిజమైతేనో? భయమేసింది. ఛ, నిజమైతే వాడు నన్ను నాలుగు తన్ని అయినా ఈడ్చుకుపోయేవాడు, అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు ఎండెక్కే వేళకు ఏట్లో అలికిడైంది. కంపల్లోకి జరిగి చూశాడు. నలుగురు. ముందు గురప్ప, భుజాన పార. వెనక తలకట్టుతో కుళ్ళాయప్ప. ఇంకో ఇద్దరు ఊరివాళ్ళు. ఖాకీ గుడ్డలైతే లేవు. లేకుంటే మాత్రం నమ్మేదెట్లా?

“బావా! యాడుండావు బావా! ఒక్కసారి బయటికి రా!” గురప్ప గొంతు చించుకున్నాడు.

తిమ్మన్న ఊపిరి బిగబట్టాడు. నిన్న ఒక ఈక, ఈరోజు నాలుగు. పిలవండప్పా, బాగా పిలవండి, అనుకున్నాడు.

పిలిచి పిలిచి అలిసిపోయి గురప్ప పార దించాడు. నలుగురూ ఇసుక తవ్వడం మొదలుపెట్టారు. అది చూశాక తిమ్మన్నకు ప్రాణం లేచివచ్చింది. ఓరి మీ పాసుగాల, చెలమ తీస్తున్నారా! ఎండాకాలం ఏట్లో చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు తోడుకుపోవడం ఊరందరికీ ఉన్న పనే. బిందెలు వెనకాల ఆడవాళ్ళు తెస్తారేమో. పాపకు బాగలేకుంటే గురప్ప నీళ్ళకు వస్తాడా? ఆశ్రిత ఈపాటికి వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడుతుంటుంది. రెండు రోజులు పోనిచ్చి, ఒక కొరమీను పట్టుకుని ఇంటికి పోవాలి.

మోకాటి లోతు తవ్వారో లేదో, గుంతలో నీళ్ళు ఊరాయి. ఈ కరువులో, అంత పైనే నీళ్ళు! కంపల్లో ఉన్న తిమ్మన్నకే అరవాలనిపించింది. గుంత దగ్గర మాత్రం ఎవరి మొహమూ విప్పారలేదు. కుళ్ళాయప్ప వంగి, గురప్ప చేతిలోంచి పార తీసుకున్నాడు.

“ఈడ నీళ్ళు పడినాయప్పా, వద్దు. బిడ్డ నానిపోతాది. గట్టు మీద తవ్వుదాం పాండి.”