ఊటనీరు

మండుటెండలో మోకాలి లోతున పారుతున్న వాగును చూసి ఇంజనీరుకు కడుపు నిండిపోయింది.

కొండల్లో వాన పడి నెలలు దాటింది. అయినా వాగు ఆగలేదు. పగలూ రాత్రీ ఒకటే జోరు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఒకప్పుడు ఎండలు ముదిరితే ఈ ఇసకలో పిల్లలు బంతాట ఆడేవారు. పైన కొండవాలుల్లో వరసగా చిన్న ఆనకట్టలు కడదాం, వాననీరు నేలలోకి ఇంకి, వేసవిలో ఊటై వాగులో కలుస్తుందని ఆఫీసులో అందరితో గొడవపడి మరీ కట్టించింది ఈయనే. అప్పట్లో నవ్విపోయారు. వెనకాల "ఊటాయన" అని పేరు కూడా పెట్టారు.

ఇప్పుడు లెక్క తేల్చాలి. ఈ వాగు నీళ్లలో భూగర్భం నుంచి వస్తున్న వాటా ఎంత?

"వాననీరు పరుగెత్తుకొచ్చి పోతుంది. ఊటనీరు నిదానంగా నడిచొస్తుంది," అని కుర్ర ఇంజనీర్లకు పాఠం చెప్పాడు. "రాత్రికి రాత్రి పెరగదు, తరగదు. నేలలోని ఉప్పును కరిగించుకుంటూ వస్తుంది. తెల్లవారగట్ల గాలి చల్లగా ఉన్నా, చెయ్యి పెడితే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. ఈ మూడూ కుదిరాయా, ఇక అది ఊటే."

మూడూ కుదిరాయి. ఉప్పయితే ఆయన ఆశించినదానికి ఎన్నో రెట్లు ఉంది.

ల్యాబ్ నుంచి కెమిస్టు ఫోన్ చేసింది. "సార్, ఉప్పు మరీ ఎక్కువగా చూపిస్తోంది. ఎందుకైనా మంచిది, మిగతా పరీక్షలు కూడా చేయమంటారా?"

"వద్దమ్మా. ఉప్పు ఎంతుంటే ఊట అంత ఉన్నట్టు. నాక్కావలసింది అంతే."

వేసవి ప్రవాహమంతా దాదాపు భూగర్భజలమేనని నివేదిక రాసి పైకి పంపాడు. నవ్విన నోళ్లన్నీ మూతపడ్డాయి. ప్రమోషన్ వచ్చింది.

ఆయన ఒక్కగానొక్క చెల్లెలు ఆ వాగు దిగువనే కాపురముంటోంది. భర్తకు ఎగువన రేకులను కడిగి మెరుగుపెట్టే ఫ్యాక్టరీలో షిఫ్టుల పని. కంపెనీవాళ్ల కాలనీలోనే ఇల్లు. అక్కడ కుళాయి వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

"అన్నయ్యా, వాగు నీళ్లు తాగొచ్చంటావా?" అనడిగింది ఒకసారి.

"నిక్షేపంగా తాగవే! నేలతల్లి వడగట్టి మరీ పంపిస్తోంది. ఆ కుళాయి తుప్పు నీళ్లకంటే వెయ్యి రెట్లు నయం. నాదీ పూచీ."

చిన్నప్పటి నుంచీ ఆమెకు అన్నమాటంటే అన్నమాటే. బిందె ఎత్తుకుని బయల్దేరింది. ఇంజనీరుగారి చెల్లెలే తాగుతోందంటే ఇంకేం కావాలని కాలనీ ఆడవాళ్లంతా ఆమె వెనక నడిచారు.

ఏడాది తిరిగేసరికి ఆమె మొహం ఉబ్బింది. కాళ్లకు నీరు పట్టింది. మెట్లు ఎక్కాలంటే ఆయాసం. ఆసుపత్రిలో చేర్చారు. రెండు కిడ్నీలూ చెడిపోయాయన్నాడు డాక్టరు.

"ఏ నీళ్లు తాగుతారు మీరు?"

ఆమె నోరు విప్పేలోపే అన్న అందుకున్నాడు. "ఊటనీళ్లండీ. ఆ అనుమానం మీకు అక్కర్లేదు. ఆ వాగును లెక్కగట్టింది నేనే."

డాక్టరు తలూపి ఇంకోటి అడిగాడు. "నొప్పి మాత్రలేమైనా వాడేవారా?"

"అప్పుడప్పుడు తలనొప్పికి వేసుకునేదండీ," అన్నాడు భర్త.

అంతే, ఇంజనీరు వరండాలోకి లాక్కెళ్లి అతన్ని కడిగేశాడు. "అడ్డమైన మాత్రలూ మింగుతుంటే చూస్తూ కూర్చున్నావా బావా? కొంప ముంచావు కదయ్యా!"

అతను తల దించుకున్నాడు. నిజమేనేమో అనుకున్నాడు. ఆ రోజు నుంచి భార్య కళ్లలోకి సూటిగా చూడలేకపోయాడు.

ఆసుపత్రి నీళ్లు మందు వాసనని ఆమెకు సయించలేదు. డాక్టరు రోజుకు కొన్ని గుక్కలే తాగనిచ్చాడు. ఆ కాసిన్నీ అయినా మంచివి తాగాలని, ఇంజనీరు రోజూ పొద్దున్నే వాగుకు వెళ్లి క్యాను నింపుకొచ్చేవాడు. తల పైకెత్తి పట్టుకుని తనే గ్లాసు నోటికి అందించేవాడు.

"కన్నతండ్రి కూడా ఇలా చూసుకోడన్నయ్యా," అనేది ఆమె, పెదాలు తుడుచుకుంటూ.

వానలు మొదలుకాక ముందే పోయింది.

అందరూ వెళ్లిపోయాక బావ మెల్లగా దగ్గరికొచ్చాడు. "నన్ను క్షమించండి బావగారూ. నేనే కనిపెట్టి ఉండాల్సింది."

ఇంజనీరు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

భార్య దగ్గర కూర్చున్న రోజులన్నింటికీ కంపెనీ అతని జీతం కోసేసింది. తోటివాళ్లకు ఒళ్లు మండింది. ఇవాళ ఇతను, రేపు మనం అంటూ సమ్మెకు దిగారు. యాజమాన్యం మెట్టు దిగలేదు. ఒక సాయంత్రం యంత్రాలన్నీ ఆపించి, గేటుకు తాళం వేయించింది.

మర్నాడు పొద్దున ఇంజనీరు ఎప్పటిలాగే వాగు కొలవడానికి వెళ్లేసరికి, అందులో కొలవడానికి నీళ్లే లేవు.