పులి కథ తాళం

ఇప్పుడు మందుల పెట్టెకు కూడా మాటే తాళంచెవి. ఒక అక్షరానికి పక్క అక్షరం రాసే పాత గుప్తలిపిని కాకులు కూడా విప్పేస్తున్నాయని, నేను మహా గట్టిది పెట్టించి, నా పులివేట కథంతా దానికి తాళంచెవిగా చెప్పాను. ఒక్క మాట మారినా తెరుచుకోదు. లోపల మా ఆవిడ తాయారు ఇన్సులిన్ ఉంది. సూది పడక ఆమెకు ఉదయం నుంచి వాంతులు.

పెట్టె ముందు కథంతా చెబుతూ "పులి ఏడు బారలుంది" అన్నాను. తెరుచుకోలేదు. తొమ్మిది చేశాను, పన్నెండు చేశాను.

"పగలగొడితే మందు పాడైపోద్ది తాతా. లిపి విప్పాలంటే ఎంత పెద్ద మిషనుకైనా వెయ్యేళ్లు" అన్నాడు తాళాల వీరాస్వామి.

"తాయారూ, తాళం పెట్టించిన రోజు పక్కనే ఉన్నావుగా. ఎన్ని బారలన్నానే?"

"నాకేం తెలుసయ్యా? నీ పులి రాకముందే నిద్రపోతాను కదా."

కథ మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. ఆమె కళ్లు మూతలు పడుతున్నాయి.

"పడుకోకే, పులి ఇంకా రాలేదు" అన్నాను.