అదే మాట కనబడితే

ఉత్తరం తయారైంది. ఇక అది ఎవరి కంటో ఒకరి కంట పడడమే మిగిలింది. ఓంప్రకాశ్ దాన్ని ఇంకోసారి చదువుకుని తన తెలివికి తానే మురిసిపోయాడు.

కరీంనగర్ బస్టాండు వెనుక సందులో, రెండో అంతస్తులో ఉన్న ఆ ఇంగ్లిష్ కోచింగ్ సెంటర్లో ఎనిమిదేళ్లుగా అతనే పెద్ద సారు. విదేశాలకు పోయే నర్సులకు పరీక్ష నేర్పుతాడు. ఇప్పుడు ఆసిఫాబాద్‌లో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు. ఇన్‌చార్జి తానేనని అత్తగారింట్లో కూడా చెప్పేసుకున్నాడు. తీరా చూస్తే ఓనరు భూమన్న ఆ కుర్చీ ఇక్కడే పాఠాలు చెప్పే మమతారాణికి ఇస్తున్నాడట. ఆమె వచ్చి నిండా ఏడాది కాలేదు! కడుపు మండదా మరి?

భూమన్న దుబాయిలో పద్దెనిమిదేళ్లు బండి తోలి వచ్చి ఈ సెంటరు పెట్టాడు. ఇంగ్లిష్ సెంటరు ఓనరే గానీ ఇంగ్లిష్ ముక్క రాదు. ఏ కాగితం వచ్చినా "జర చదివి చెప్పుండ్రి సార్" అంటూ ఓంప్రకాశ్ దగ్గరికే వచ్చేవాడు. ఆరు నెలలుగా ఆ రావడం మానేశాడు. ఆ పెత్తనం కూడా మమతారాణి లాగేసుకుందని ఓంప్రకాశ్ అర్థం చేసుకున్నాడు.

అందుకే ఈ ఉత్తరం. మన మోడల్ పరీక్ష పేపర్లన్నీ ఎదురు సెంటరు వాళ్లకు గుట్టుగా అందిస్తానని మమతారాణి రాసినట్టు ఇంగ్లిష్‌లో టైపు చేశాడు. సంతకం లేదు. సంతకం పెట్టి దొంగతనం చేసేవాళ్లెవరు? ఆమెను పట్టివ్వడానికి ఆమె మాటలే చాలు.

ఆ మాటల కోసమే ముందురోజు మధ్యాహ్నం, ఆమె క్లాసులో ఉండగా డ్రాయరు తెరిచాడు. నీలి అట్ట నోటుబుక్కు దొరికింది. పేరు లేదు. ఒక వాక్యం, దాని కింద అదే సంగతి వేరే మాటల్లో, మధ్యలో ఎర్ర సిరా దిద్దుబాట్లు. బోర్డు మీద ముత్యాల్లా రాసే మనిషి పుస్తకంలో కోడి గీరినట్టు రాసుకుంటోంది! అన్ని వాక్యాలూ డ్యూటీ, క్యాంపు, లారీల గురించే. పైగా ఎక్కడ చూసినా "హెవీ". వాన హెవీ, సంతోషం హెవీ, తొందర కూడా హెవీయే. 'ఇదా ఈమె ఇంగ్లిష్! తప్పులు రాసి తానే దిద్దుకుంటోంది పాపం' అని నవ్వుకుని, పది మాటలు ఏరి ఉత్తరంలో కుట్టేశాడు. "హెవీ" మాత్రం నాలుగుసార్లు వేశాడు.

పొద్దున ఊడ్చడానికి వచ్చిన కిష్టవ్వకు జిరాక్స్ మిషన్ మీద కాగితం దొరికింది. అది భూమన్నకు చేరింది. పది గంటలకు స్టాఫంతా ఆఫీసు గదిలో నిలబడ్డారు.

ఓంప్రకాశ్ ఉత్తరం చదివి, నొచ్చుకుంటూ అర్థం చెప్పాడు.

"గిది ఎవలు రాసిండ్రో ఎట్ల ఎరుకైతది సార్?" అన్నాడు భూమన్న.

"గది నాకిడిసిపెట్టుండ్రి. రోజు పిల్లలకు చెప్పేదే గద. రెండు కాగితాలు పక్కపక్కన వెట్టి, మాటకు మాట కలుపుడే. మేడం డ్రాయర్ల నీలి అట్ట నోటుబుక్కు ఒకటుంటది, తెప్పియ్యుండ్రి."

నోటుబుక్కు మాట వినగానే మమతారాణి ముఖం పాలిపోయింది. ఒక్కసారి భూమన్న వైపు చూసి తల దించుకుంది. ఓంప్రకాశ్‌కు ఇంకేం కావాలి? నోటుబుక్కు రాగానే ఉత్తరం పక్కన పెట్టి, అందరి ముందూ ఒక్కో మాట చుట్టూ గీత గీశాడు. పదికి పది కలిశాయి.

"ఉత్తరం నేను రాయలే సార్," అంది మమతారాణి.

"మరి గీ నోటుబుక్కు సంగతేంది?" ఓంప్రకాశ్ వదల్లేదు.

"గా ముచ్చట నేను చెప్పను," అందామె. ఆసిఫాబాద్ ఎటూ పోయింది, ఇక ఉన్న ఉద్యోగమూ పోతుందని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

భూమన్న గడ్డం గోక్కున్నాడు. "ఒక్క మాట అడుగుత సార్. క్లాసుల మీరు చెప్తుంటే బయటికెల్లి ఇన్న. అదే మాట కనబడంగనే ఉరుకొద్దు, అది ఎర, అర్థం కలిసిన కాడ చూడుండ్రి అంటరు. మరి గీండ్ల అన్నీ అవే మాటలున్నయి?"

ఓంప్రకాశ్ నవ్వాడు. "అది పరీక్ష సార్. గిది దొంగతనం. దొంగలకు గంత తెలివెక్కడిది?"

"అంటే గీ నోటుబుక్కు రాసినోళ్లే గీ ఉత్తరం రాసిండ్రు. పక్కానా?"

"పక్కా సార్. కాదని తేలితే రేపటికెల్లి నేను ఉద్యోగానికే రాను."

భూమన్న ఒకసారి స్టాఫందరినీ చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. నోటుబుక్కు చేతిలోకి తీసుకుని, కండువాతో అట్ట తుడిచాడు.

"దుబాయిల నేను తోలింది హెవీ బండి సార్, గా మాట నోట్లకెల్లి పోతలేదు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఇంగ్లిష్ సెంటరు ఓనరు గీ వయసుల ఏబీసీడీలు దిద్దుతుండంటే నగుతరని, ఎవలకు చెప్పద్దని మేడంతోని ఒట్టేపిచ్చుకున్న. గీ నోటుబుక్కు నాది."